సాంగోలా ఎమ్మెల్యే గణపత్‌రావు దేశ్‌ముఖ్: బస్సు కథ కాదు, నీళ్ల కథ

(అనంతపురంలో రైతులు, డిగ్రీ విద్యార్థులు కలిసి పెట్టుకున్న సమావేశంలో ఉద్యానశాఖ విశ్రాంత ఉద్యోగి ఒకరు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఫ్యాన్ల చప్పుడుకి నా మాట వినబడకపోతే చెయ్యి ఎత్తండి, ఇంకొంచెం గట్టిగా మాట్లాడతాను.

ఈరోజు నన్ను మాట్లాడమన్న విషయం కరపత్రంలో "ఆదర్శ శాసనసభ్యుడు" అని వేశారు. ఆ "ఆదర్శ" అన్నది కాసేపు పక్కన పెడదాం. ఆదర్శం అనగానే మనం ఏం చేస్తాం? ఫొటోకి దండ వేస్తాం, రెండు మంచి మాటలు చెప్తాం, టీ తాగి ఇంటికి పోతాం. ఆ మనిషి ఏం పని చేశాడు, ఎట్లా చేశాడు, ఎక్కడ ఆగిపోయాడు, ఇవి ఎవరూ అడగరు. నేను అవే మాట్లాడదామని వచ్చాను.

ఆయన పేరు గణపత్‌రావు దేశ్‌ముఖ్. ఎంతమంది విన్నారు ఈ పేరు? ... ముగ్గురు, నలుగురు. మీరు దానిమ్మ రైతులేనా అన్నా? చూశారా, అనుకున్నా. సాంగోలా పేరు తెలియని దానిమ్మ రైతు ఉండడు. ఆ సాంగోలా నుంచే ఆయన పదకొండుసార్లు ఎమ్మెల్యేగా గెలిచాడు. 1962లో మొదటిసారి, 2014లో చివరిసారి. మధ్యలో రెండుసార్లు ఓడిపోయాడు. ఒకే తాలూకా, ఒకే పార్టీ, ఒకే ఎర్రజెండా. ఆ పార్టీ పేరు శేత్కరీ కామ్‌గార్ పక్ష, అంటే రైతు కార్మిక పార్టీ. మహారాష్ట్ర బయట ఆ పార్టీ ఎవరికీ తెలీదు. మహారాష్ట్రలో కూడా 2014లో దానికి ఉన్నది ముగ్గురు ఎమ్మెల్యేలు. ముగ్గురంటే ముగ్గురే!

ఇక్కడ ఒక మాట. దేశంలో ఇంతకాలం ఎమ్మెల్యేగా ఉన్నది ఈయనొక్కడే, ఇదే రికార్డు అని వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది. అది సరికాదు. కేరళలో కె.ఎం. మాణి ఉన్నాడు. 1965 నుంచి 2019లో చనిపోయేదాకా పాలా నియోజకవర్గంలో ఓటమి అన్నది ఎరగడు. అదే కేరళలో ఊమెన్ చాందీ పుదుప్పళ్లి నుంచి 1970 మొదలు 2023లో పోయేదాకా గెలుస్తూనే వచ్చాడు. పక్కన తమిళనాడులో కరుణానిధి సంగతి మీకు తెలిసిందే. కాబట్టి రికార్డు గొడవ వదిలేయండి. కానీ ఒక తేడా చూడండి. మాణి ఆర్థికమంత్రిగా ఏటేటా బడ్జెట్లు పెట్టినవాడు, చాందీ, కరుణానిధి ముఖ్యమంత్రులు. గణపత్‌రావు? ఎమ్మెల్యేగా ఉన్న అన్నేళ్లలో మంత్రిగా ఉన్నది రెండే రెండు చిన్న దఫాలు. మిగతా కాలమంతా ప్రతిపక్ష బెంచీ మీదే. అధికారం లేనివాడిని ఒక ఊరు అన్నిసార్లు ఎందుకు పంపించింది? నాకు ఆసక్తి అక్కడ.

సాంగోలా ఎట్లాంటి చోటో ముందు చెప్తాను. షోలాపూర్ జిల్లా. షోలాపూర్ అంటే మనకు దుప్పట్లు గుర్తొస్తాయి కదా, ఆ దుప్పట్లు నేసినవాళ్లలో తెలంగాణ నుంచి పోయిన మన పద్మశాలీలు చాలామంది. ఇప్పటికీ షోలాపూర్ పేటలో తెలుగు వినబడుతుంది. ఆ నగరం నుంచి పడమటికి పోతే పండరిపురం, అది దాటితే సాంగోలా. పాండురంగడి దగ్గరకి పోయే యాత్రికుల్లో సాంగోలా దాకా పోయేవాళ్లు తక్కువ. పోతే ఏముంది చూడ్డానికి? మాణ్ అని ఒక నది ఉంది, సంవత్సరంలో ఎక్కువ నెలలు ఇసుకే. మన పెన్న లాగే అనుకోండి. వాన మనంతే, ఒక్కోసారి మనకంటే తక్కువ. గొర్రెలు, గొంగళ్లు, ఖిల్లారి ఎద్దుల సంత. గణపత్‌రావు కూడా ధనగర్, అంటే గొర్రెల కాపరుల కులం. మన కురుబల్లాంటివాళ్లు. కులం ఎందుకు చెప్తున్నానంటే, మహారాష్ట్ర రాజకీయం అంటే మరాఠా దొరలు, చక్కెర ఫ్యాక్టరీలు. ఆయనకి చక్కెర ఫ్యాక్టరీ లేదు, పెద్ద కులం లేదు, పెద్ద పార్టీ లేదు. లా చదివిన వకీలు, అంతే.

ఇప్పుడు బస్సు కథ. చెప్పకపోతే మీరు ఊరుకోరు. ఆయన బొంబాయి అసెంబ్లీకి ఎస్టీ బస్సులో పోయేవాడు. ఎస్టీ అంటే అక్కడి ఆర్టీసీ. ముంబైలో ఎమ్మెల్యే హాస్టల్లో ఉండేవాడు. ఎర్రబస్సులో ఎమ్మెల్యే కూర్చున్న ఫొటో మీరందరూ చూసే ఉంటారు. మంచిదే. కాదనను. కానీ బస్సెక్కినందుకే జనం పదకొండుసార్లు గెలిపించారంటే నేను నమ్మను. మీరు నమ్ముతారా? మీ ఊరి ఎమ్మెల్యే రేపటినుంచి బస్సులో తిరిగి, మీ బోరుకి కరెంటు, మీ పంటకి నీళ్లు పట్టించుకోకపోతే ఓటేస్తారా? వెయ్యరు. అందుకని బస్సు కథ ఇక్కడితో ఆపుతున్నా.

అసలు విషయానికొస్తాను. అనంతపురంలో కూర్చుని ఎర్రజెండా ఎమ్మెల్యే గురించి మాట్లాడుతున్నామంటే, మన కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి గుర్తు రాకుండా ఉంటాడా? ముందు వరుసలో పెద్దవాళ్లు తల ఊపుతున్నారు. 1952లో జైల్లో ఉండి, బయటికి వచ్చి ప్రచారం చేసుకునే దారి లేకుండా, ఇదే అనంతపురంలో నీలం సంజీవరెడ్డిని ఓడించాడు. స్వయానా బావను! తర్వాత లోక్‌సభకి పోయాడు, 1962లో పుట్లూరు నుంచి, 1967లో మళ్లీ అనంతపురం నుంచి అసెంబ్లీకి వచ్చాడు. 1969లో రాజీనామా చేసి బయటికి వచ్చేశాడు. ఈ సభలో కూర్చుంటే పేదవాడికి ఒరిగేదేమీ లేదన్నది ఆయన నిర్ణయం.

అదే కాలంలో, అదే మార్క్సిజం చదివిన మనిషి, గణపత్‌రావు, అదే బెంచీ మీద కూర్చుండిపోయాడు. పిల్లలూ, మీరు పొలిటికల్ సైన్స్ చదువుతున్నారు కదా, ఈ ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకాయన "ఇక్కడ ఏమీ కాదు" అని లేచిపోయాడు. ఇంకొకాయన "ఏదో ఒకటి అయ్యేదాకా లేవను" అన్నట్టు కూర్చున్నాడు. ఎవరు రైటు? ఈ ప్రశ్న పెట్టుకునే ఈరోజు మాట్లాడుతున్నా.

అసలు ప్రతిపక్ష ఎమ్మెల్యే కూర్చుని చేసేదేముంటుంది? టీవీలో చూస్తే అరుపులు, కాగితాలు చించడం, మార్షల్స్ ఎత్తుకుపోవడం. అది కాదు. నేను ఉద్యోగం చేసిన మనిషిని, ఆఫీసు లోపల నుంచి చెప్తాను. మా ఆఫీసుల్లో అందరికీ టెన్షన్ పుట్టించే మాట ఒకటి ఉండేది: ఎల్ఏక్యూ. లెజిస్లేటివ్ అసెంబ్లీ క్వశ్చన్. రిటైరైనవాళ్లు నవ్వుతున్నారు, తెలుసు వాళ్లకి! ఎక్కడో ఒక సభ్యుడు ఒక కాగితం రాసి ఇస్తాడు. "ఫలానా మండలంలో ఫలానా చెరువు పని మంజూరైన మాట వాస్తవమేనా? అయినచో ఇంతవరకు ఎంత ఖర్చయినది? పూర్తికాకపోవుటకు కారణములేమి?" ఇంతే. మూడు లైన్లు. ఆ కాగితం సచివాలయానికి, అక్కడినుంచి కమిషనర్ ఆఫీసుకి, అక్కడినుంచి జిల్లాకి, జిల్లా నుంచి ఫీల్డులో ఉన్న మనిషికి వస్తుంది. సాయంత్రం ఆరింటికి వస్తుంది, రేపు పొద్దున పదింటికి సమాధానం కావాలంటారు. అప్పుడు ఏమవుతుంది? బీరువా తెరుస్తారు. దుమ్ము దులుపుతారు. ఎం-బుక్కు, అంటే చేసిన పని కొలతలు రాసే పుస్తకం, తీస్తారు. రెండేళ్లుగా ఎవరూ ముట్టుకోని ఫైలు ఆ రాత్రి కదుల్తుంది. ఎందుకంటే రేపు మంత్రి సభలో నిలబడి సమాధానం చెప్పాలి, ఆ సభ్యుడు లేచి అనుబంధ ప్రశ్న వేస్తే మంత్రి నీళ్లు నమలకూడదు. అందుకని అసలు సమాధానంతో పాటు, ఏ అనుబంధ ప్రశ్న రావచ్చో ఊహించి దానికి కూడా నోట్ రాసివ్వాలి. అక్కడ మాకు చెమటలు పట్టేవి.

ఒక్క ప్రశ్నకే ఇంత కదలిక. అయితే మరుసటి వారం ఆ సభ్యుడు మర్చిపోతాడు. మేమూ మర్చిపోతాం. ఫైలు మళ్లీ బీరువాలోకి పోతుంది. మర్చిపోని సభ్యుడు ఉన్నాడనుకోండి? ఈ ఏడు అడిగినదే వచ్చే ఏడూ అడిగేవాడు. "పోయిన సమావేశాల్లో మీరు ఇట్లా హామీ ఇచ్చారు, ఏమైంది?" అని పాత ప్రొసీడింగ్స్ తీసి చదివేవాడు. బడ్జెట్ పుస్తకంలో పద్దు నంబరు చూసి కోత తీర్మానం, అంటే ఆ పద్దు తగ్గించమనే తీర్మానం, ఇచ్చేవాడు. మంత్రి మారతాడు, ముఖ్యమంత్రి మారతాడు, ఇంజనీరు రిటైరైపోతాడు, ఈ మనిషి మాత్రం అట్లాగే ఉంటాడు! శాఖలో ఎవరికీ లేని జ్ఞాపకం ఆయన దగ్గర ఉంటుంది. ఎన్నేళ్లు నెగ్గాడన్నదానికి నా దృష్టిలో విలువ ఇదే. గణపత్‌రావు లైబ్రరీలో కూర్చునే మనిషి, సభ ముగిసేదాకా కదలని మనిషి అని మహారాష్ట్రలో అన్ని పార్టీలవాళ్లూ చెప్తారు. పార్టీలో ముగ్గురే ఉన్నా ఆయన లేస్తే సభ వినేది. ఎందుకు? ఆయన చేతిలో కాగితం ఉంటుంది కాబట్టి.

సరే, ఆ కాగితాలతో ఏం సాధించాడు? ఇక్కడ కొంచెం వెనక్కి, 1972కి పోవాలి.

1972లో ఆయన ఓడిపోయాడు. బంగ్లాదేశ్ యుద్ధం అయిన వెంటనే ఎన్నికలు, దేశమంతా ఇందిరాగాంధీ గాలి. రెండుసార్లు గెలిచిన సీటు పోయింది. ఆ ఏడే మహారాష్ట్రలో కరువు. మామూలు కరువు కాదు, అక్కడి ముసలివాళ్లు ఇప్పటికీ వయసు లెక్క "డెబ్బయి రెండు కరువుకి నాకు ఇన్నేళ్లు" అని చెప్పుకునే కరువు. లక్షల మంది రోడ్ల మీద కంకర కొట్టారు, ఊట చెరువులు తవ్వారు. ప్రభుత్వం పని చూపించాలి, పని అడగడం మా హక్కు, భిక్షం కాదు అని ప్రతిపక్షాలు, ఎర్రజెండాల వాళ్లు, ఊరూరా జనాన్ని నడిపించారు. ఆ వేడిలోనే 1974లో సాంగోలాలో ఉప ఎన్నిక వచ్చింది. గణపత్‌రావు మళ్లీ గెలిచాడు.

ఆ కరువులోంచి పుట్టినదే మహారాష్ట్ర ఉపాధి హామీ పథకం. ఆలోచన వి.ఎస్. పాగే అనే గాంధేయవాదిది, ఆయన కాంగ్రెస్ మనిషి, శాసనమండలి అధ్యక్షుడు. 1965లో తాసగావ్ దగ్గర చిన్నగా మొదలుపెట్టారు. కరువులో రాష్ట్రమంతా పాకింది. 1977లో చట్టం చేశారు, 1979 జనవరి 26 నుంచి అమలు. డబ్బు ఎక్కడిది? బొంబాయిలో జీతగాళ్ల మీద వృత్తి పన్ను వేశారు, ఆ పన్ను పల్లెలో కూలికి పోతుంది. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి. పట్నంలో ఫ్యాను కింద కూర్చున్న గుమాస్తా జీతంలోంచి కొంచెం, సాంగోలాలో గడ్డపార పట్టిన మనిషికి.

ఈ చట్టం తర్వాత ఎక్కడికొచ్చింది? మన దగ్గరికే! 2006 ఫిబ్రవరి 2. నార్పల మండలం బండ్లపల్లి. ప్రధాని మన్మోహన్‌సింగ్, సోనియాగాంధీ వచ్చి జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం మొదలుపెట్టింది అక్కడే. ఇక్కడున్నవాళ్లలో కొందరు ఆరోజు బండ్లపల్లి పోయి ఉంటారు. అక్కడ ఇచ్చిన జాబ్‌కార్డుకి తాత ఎవరంటే ఆ మహారాష్ట్ర చట్టం. ఒక్క గణపత్‌రావు తెచ్చాడని నేను అనట్లేదు. అట్లా అంటే అబద్ధం. పాగే ఉన్నాడు, కాంగ్రెస్ ముఖ్యమంత్రులున్నారు, ఎండలో నడిచిన జనం ఉన్నారు. ఆయన ఆ జనంలో, ఆ సభలో ఒకడు. 1999లో విలాస్‌రావు దేశ్‌ముఖ్ మంత్రివర్గంలో చేరినప్పుడు ఆయన తీసుకున్న శాఖల్లో ఉపాధి హామీ ఉంది. ఏ నీటిపారుదలో, రెవెన్యూనో కాదు.

ఇప్పుడు దానిమ్మ. అన్నా, మీకోసమే ఇది. 1990లో మహారాష్ట్ర ఒక పని చేసింది. ఉపాధి హామీని పండ్లతోటలకు ముడిపెట్టింది. రైతు తన పొలంలో గుంత తవ్వుకుంటే, మొక్క నాటుకుంటే, ఆ కూలి, ఆ మొక్క ఖర్చు పథకం నుంచి ఇచ్చారు. అప్పటిదాకా ఉపాధి హామీ అంటే రోడ్డు, చెరువు. ఇప్పుడు రైతు చేను కూడా అందులోకి వచ్చింది. సాంగోలాలో జొన్న, సజ్జ వేసి వానకోసం ఆకాశం చూసేవాడు దానిమ్మ పెట్టాడు. దానిమ్మ మొండి చెట్టు, రాళ్ల నేల అయినా బతుకుతుంది. దానికి డ్రిప్పు కలిసింది, పొలం కుంటలు కలిశాయి. మొదట గణేశ్ రకం, తర్వాత రాహురి వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి భగువా. ఆ భగువానే కదా మీ తోటల్లో ఉన్నది? ఆ ఎర్రరంగు కాయే కదా బెంగళూరు వ్యాపారి అడిగేది? 2005లో దానిమ్మ జాతీయ పరిశోధన కేంద్రం షోలాపూర్లోనే పెట్టారు. మన రైతుల బస్సులు మొక్కలకోసం, సలహాలకోసం అటు పోతూనే ఉన్నాయి. నేనూ తీసుకుపోయాను, పొలం గట్టు మీద కూర్చుని వాళ్ల జొన్నరొట్టె తిన్నాను. మచ్చ తెగులు వచ్చి తోటలు నల్లబడినప్పుడు వాళ్లూ ఏడ్చారు, మనమూ ఏడ్చాం. వాళ్లు దాన్ని తేల్యా అంటారు.

మీకు ఇంకో సంగతి. కరోనా ఏడు, 2020 సెప్టెంబరులో అనంతపురం నుంచి ఢిల్లీకి కిసాన్ రైలు పోయింది గుర్తుందా? దక్షిణ భారతంలో మొదటిది. అదే ఏడు డిసెంబరు 28న ప్రధాని జెండా ఊపిన నూరో కిసాన్ రైలు ఎక్కడినుంచి? సాంగోలా నుంచి, కలకత్తా దగ్గర షాలిమార్‌కి. కరువు తాలూకా అని పేరు పడ్డ చోటినుంచి రైలు నిండా కాయగూరలు, పండ్లు. ఎర్రజెండా ఎమ్మెల్యే ఊరినుంచి.

ఇదంతా విని ఆయనే చేశాడు అనుకోకండి. చెప్పాను కదా. తోట పెట్టింది రైతు. పథకం రాసింది ప్రభుత్వం. ఎమ్మెల్యే చేసిందేమిటంటే, ఆ పథకం తన తాలూకాకి పూర్తిగా దిగేదాకా వెంటపడ్డాడు. ఇంకోటి, సహకార సంస్థలు. సాంగోలాలో రైతుల సహకార నూలు మిల్లు పెట్టించాడు. మహారాష్ట్రలో సహకార మిల్లులు ఎన్ని మూతపడ్డాయో లెక్కలేదు. ఛైర్మన్ బామ్మర్దికి కాంట్రాక్టు, మేనల్లుడికి మేనేజరు ఉద్యోగం, చివరికి తాళం. మనకి కూడా తెలిసిన కథే, పేర్లొద్దు. సాంగోలా మిల్లు నడిచింది. సరిగా నడిచే మిల్లు అని మిగతావాళ్లు చెప్పుకున్నారు. నిజాయితీ గురించి మాట్లాడాలంటే నేను బస్సు దగ్గర కాదు, ఈ మిల్లు లెక్కల పుస్తకం దగ్గర మాట్లాడతాను. బస్సెక్కడానికి ఒక మనిషి నిజాయితీ చాలు. మిల్లు నడవాలంటే చుట్టూ ఉన్న వందమందిని తినకుండా ఆపాలి.

ఇక నీళ్లు. ఇక్కడ కథ అంత తీయగా లేదు.

కృష్ణా నది మహాబలేశ్వరంలో పుట్టి సాతారా, సాంగ్లీ మీదుగా పోతుంది. సాంగోలా కూడా కృష్ణా బేసిన్లోనే ఉంది, కానీ నది ఎక్కడో కింద, దూరంగా. నీళ్లు ఎత్తిపోయాలి. మన హంద్రీ-నీవా శ్రీశైలం వెనక జలాల నుంచి ఎత్తిపోసినట్టే. కృష్ణా నీళ్లను రాష్ట్రాలకి పంచిన బచావత్ ట్రిబ్యునల్ 560 టీఎంసీలు మహారాష్ట్రకి, 700 కర్ణాటకకి, 800 ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి ఇచ్చింది. 2000 మే తర్వాత ఆ అవార్డును మళ్లీ సమీక్షించవచ్చు అని అందులో ఉంది. ఆలోపు వాడుకోకపోతే తమ వాటా పోతుందేమో అని మహారాష్ట్రకి భయం పట్టుకుంది. 1996లో కృష్ణా లోయ అభివృద్ధి సంస్థ పెట్టి, బాండ్లు అమ్మి, ఒకేసారి బోలెడు ప్రాజెక్టులు మొదలుపెట్టారు. అందులో ఒకటి టెంభూ. కరాడ్ దగ్గర కృష్ణ నుంచి నీళ్లు మెట్లు మెట్లుగా ఎత్తి ఖానాపూర్, ఆట్‌పాడీ, సాంగోలా దాకా తేవాలని.

ఆ భయం ఒక్కటే ఈ పని చేయించలేదు. అంతకుముందు నుంచే ఆట్‌పాడీలో పాణీ పరిషత్తులు జరిగేవి. నీళ్ల సభలు. పదమూడు కరువు తాలూకాల జనం వచ్చేవాళ్లు. వాళ్వాకి చెందిన స్వాతంత్ర్య సమరయోధుడు నాగనాథ్ అన్నా నాయక్‌వడి, భారత్ పాటంకర్, గణపత్‌రావు, వీళ్లు దానికి పెద్దలు. ఆ సభల్లో వినబడ్డ డిమాండు ఒకటి నాకు చాలా నచ్చుతుంది. నీళ్లు కాలువ పక్క భూమికి కాదు, ప్రతి కుటుంబానికీ సమానంగా రావాలి, భూమి లేని కుటుంబానికి కూడా వాటా ఉండాలి అని. మన దగ్గర ఈ మాట ఎవరైనా అన్నారా? ఎకరాల లెక్క తప్ప ఇంటి లెక్క మనకి తట్టిందా?

కానీ ఏమైంది? ప్రాజెక్టులు అన్నీ ఒకేసారి మొదలు, డబ్బు అన్నిటికీ తలా పిడికెడు. పైపులు వచ్చి పొలాల్లో పడి ఉన్నాయి, మోటార్లు రాలేదు. మోటార్లు వస్తే కరెంటు బిల్లు ఎవరు కట్టాలని గొడవ. టెంభూ నీళ్లు సాంగోలా వైపు రావడానికి దాదాపు రెండు దశాబ్దాలు పట్టింది, అదీ తాలూకా అంతటికీ కాదు. 1962లో నీళ్లు అని మొదలుపెట్టిన మనిషి, ఎనభై ఏళ్లు దాటాక కాలువలో నీళ్లు చూశాడు. ఆలోపు రెండు తరాలు బావులు తవ్వి, బోర్లు వేసి, పూణేకి వలసపోయి బతికాయి.

అందుకే అక్కడ ఆయన్ని తిట్టినవాళ్లు కూడా ఉన్నారు, వాళ్ల మాట కూడా చెప్పాలి. "అంత నిజాయితీ ఏం చేసుకోను? అధికార పార్టీలో ఉండుంటే నీళ్లు ముందే వచ్చేవి కదా, పక్క తాలూకాల్లో చక్కెర ఫ్యాక్టరీలు లేచాయి, మనకేమొచ్చింది?" అని. ఈ మాట కొట్టిపారేయడానికి లేదు. 1995లో అదే మాట ఆయన్ని ఓడించింది. ఎన్ని ఓట్లతో? 192. ఒక పల్లెలో ఒక వీధి ఓట్లు. ఓడించింది కాంగ్రెస్ కుర్రాడు షహాజీబాపు పాటిల్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది. నాలుగేళ్లు ఇంట్లో కూర్చుని, 1999లో మళ్లీ గెలిచాడు గణపత్‌రావు. డెబ్బయి దాటిన వయసులో! తర్వాత 2004, 2009, 2014.

నన్నడిగితే, నేను గణపత్‌రావు వైపే మొగ్గుతాను. సభలో కూర్చోవడం వల్ల ఉపాధి హామీ వచ్చింది, తోటలు వచ్చాయి, ఆలస్యంగానైనా కాలువ వచ్చింది. లేచిపోతే ఆ ఫైలు బీరువాలోనే ఉండేది. కానీ నాగిరెడ్డి వేసిన ప్రశ్న పోయిందా? పోలేదు. ఒక నిజాయితీపరుడు ఒక తాలూకాకి నీళ్లు తేవడానికి యాభై ఏళ్లు కాగితాలు పట్టుకుని తిరగాల్సి వచ్చిందంటే, ఆ సభ గురించి అది ఏం చెప్తోంది? ఆయనకి ఇచ్చిన మంత్రి పదవులు చూడండి. 1978లో శరద్ పవార్ ప్రభుత్వం, రెండేళ్లు నిండకముందే ఇందిరాగాంధీ రద్దు చేసింది. 1999లో చేరింది, 2002లో వాళ్ల పార్టీయే మద్దతు వెనక్కి తీసుకుంది. ఇంత అనుభవం ఉన్న మనిషిని సభ వాడుకున్నది అంతే.

2019లో ఇక పోటీ చెయ్యనన్నాడు. తొంభై దాటిన మనిషి. పార్టీ ఆయన మనవడు అనికేత్‌ని నిలబెట్టింది. ఎవరి మీద? అదే షహాజీబాపు పాటిల్, ఈసారి శివసేన. 768 ఓట్లతో మనవడు ఓడిపోయాడు. ఈ షహాజీబాపు మీకు వేరే రకంగా తెలుసు, మీ ఫోన్లలోనే చూశారు. 2022లో ఏక్‌నాథ్ శిందే శివసేనలో తిరుగుబాటు చేసి ఎమ్మెల్యేలను తీసుకుని గౌహతి హోటల్లో కూర్చున్నప్పుడు, ఫోన్లో "ఏం చెట్లు, ఏం కొండలు, ఏం హోటలు!" అని మురిసిపోయాడే ఒకాయన, దేశమంతా నవ్వింది, ఆయనే. బస్సు ఎమ్మెల్యే సీటులో కూర్చున్నది ఆయన. నేను కల్పించి చెప్పడం లేదు, జనం అట్లా ఎన్నుకున్నారు.

అప్పటికి గణపత్‌రావు లేడు. 2021 జూలై 30న షోలాపూర్ ఆసుపత్రిలో పోయాడు, తొంభై నాలుగేళ్లు. 2024లో ఇంకో మనవడు బాబాసాహెబ్ అదే ఎర్రజెండా మీద గెలిచాడు. రాష్ట్రం మొత్తం మీద ఆ పార్టీకి వచ్చింది ఆ ఒక్క సీటే. ఇక్కడ ఎవరో "వారసత్వమే కదా సార్" అన్నారు. అవును, వారసత్వమే. జీవితమంతా కుటుంబాన్ని రాజకీయంలోకి లాగని మనిషి పార్టీకి, చివరికి ఆయన ఇంటిపేరు తప్ప ఇంకో ఆధారం లేకపోయింది. యాభై ఏళ్లలో తన తర్వాత నిలబడగల ఇద్దరు ముగ్గురు కార్యకర్తలను ఆయన తయారుచెయ్యలేకపోయాడా, చేసినా జనం ఇంటిపేరుకే ఓటేస్తారా? రెండూ కొంచెం కొంచెం నిజమేననుకుంటా. పెద్ద చెట్టు కింద చిన్న మొక్క ఎదగదని సామెత చెప్పబోను, మీరంతా విన్నదే.

నాకిచ్చిన టైము అయిపోయినట్టుంది, నిర్వాహకులు గడియారం చూపిస్తున్నారు. ఒక్క పని మాత్రం పిల్లలకి చెప్పి ఆపుతాను. అసెంబ్లీ చర్చలు ఇప్పుడు ఇంటర్నెట్లో దొరుకుతాయి. మీ నియోజకవర్గం ఎమ్మెల్యే పోయిన సమావేశాల్లో ఎన్ని ప్రశ్నలు వేశాడో, ఏం అడిగాడో, మంత్రి ఏమన్నాడో చూసి రాసుకుని రండి. వచ్చే నెల సమావేశంలో అవి చదువుదాం. పార్టీ ఏదైనా సరే.

ఇక ప్రశ్నలు అడగండి. నార్పల అన్న ఇందాకటినుంచి చెయ్యి ఎత్తి పట్టుకున్నాడు, మైకు ఆయనకివ్వండి.